బుర్రావారి కంప్యూటర్ పెళ్ళిచూపులు

మల్లవరంలో తెలివిగలవాళ్ళెవరని ఊళ్ళోవాళ్ళని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. బుర్రావారిని అడిగితే ఆలోచించరు. "మేమే" అంటారు. మరి ఇంటిపేరులోనే బుర్ర పెట్టుకుని పుట్టిన వాళ్ళాయె! మిగతావాళ్ళకి బుర్ర ఉందో లేదో వెతుక్కోవాలి, వీళ్ళకి రేషన్ కార్డు మీదే రాసి ఉంది.

ఆ ఇంటికి పెద్ద కోటిలింగం. ఆయన భార్య తాయారమ్మ. ఆయన తమ్ముడు పానకాలు. ముగ్గురూ కలిసి వీధివైపు గదిలో పిండిమర నడుపుకుంటూ బతికేవారు. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేయడం, అందులో సొంత తెలివి కలపకపోవడం, ఇదీ వాళ్ళ పద్ధతి. కలిపితే కల్తీ అవుతుందని కోటిలింగం భయం. పిండిమర ఇంట్లో కల్తీ మహాపాపం కదా!

ఓసారి తాయారమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, "పొంగకుండా చూడు పానకాలూ" అని పెరట్లోకి వెళ్ళింది. పానకాలు పీట వేసుకుని కూర్చుని, రెప్ప వెయ్యకుండా చూశాడు. పాలు పొంగి, గిన్నె దిగి, పొయ్యి ఆర్పి, గచ్చంతా పారాయి. తాయారమ్మ వచ్చి లబోదిబోమంటే, "నువ్వు చూడమన్నావు వదినా, నేను చూశాను. పొంగొద్దని పాలకి చెప్పాల్సింది నువ్వు" అన్నాడు. తాయారమ్మ కాసేపు ఆలోచించి, నిజమేనని ఒప్పుకుంది. మర్నాటి నుంచీ పాలకి చెప్పి వెళ్ళేది.

అంతటి తెలివైన పానకాలుకి పెళ్ళి మాత్రం కుదర్లేదు. ఓ సంబంధంలో, "అమ్మాయి ఎలా ఉంది బాబూ?" అని అడిగారు. పానకాలు తేరిపార చూసి, "కూర్చుని ఉందండీ" అన్నాడు. ఇంకో సంబంధంలో, "ఏం చేస్తుంటావు నాయనా?" అంటే, చేతిలో పళ్ళెం చూపించి, "ఉప్మా తింటున్నానండీ" అన్నాడు. అంతే, వాళ్ళూ లేచి వెళ్ళిపోయారు. పైకి నవ్వుతూ తిరిగినా, మర ఆపేశాక ఒక్కడూ అరుగు మీద కూర్చుని బట్టల మీద పిండి దులుపుకుంటుంటే పానకాలుకి మనసు బరువెక్కేది. అడిగినదానికి ఉన్నమాటే చెప్పాను కదా, తప్పెక్కడ జరిగిందీ అని ఎంత ఆలోచించినా తేలేది కాదు.

అలాంటి సమయంలో పార్వతీపురం నుంచి ఓ సంబంధం వచ్చింది. పిల్ల పేరు నీలవేణి. బళ్ళో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. అంతదూరం రానూపోనూ కష్టమని, పిల్ల తండ్రి గవర్రాజు ఓ మాటన్నాడు: "ముందు కంప్యూటర్లో ఒకరి మొహం ఒకరం చూసుకుందాం. నచ్చితే అప్పుడే రాకపోకలు." చేతిలో పట్టుకుని మొహాలు చూసుకునే ఫోన్లు మల్లవరానికి ఇంకా రాని రోజులవి. అదృష్టంకొద్దీ తాయారమ్మ తమ్ముడు ఊరు మారుతూ తన పాత కంప్యూటర్ని వీళ్ళింట్లో పెట్టి, పైన ఓ కెమెరా తగిలించి, వివరంగా చెప్పి వెళ్ళాడు. "ఈ బటన్ నొక్కితే పువ్వుల బొమ్మ వస్తుంది. బొమ్మ మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. నీలం గుర్తు నొక్కండి, పెళ్ళివారు కనబడతారు."

అనుకున్న రోజు రానే వచ్చింది. పానకాలు తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నడింట్లో బల్ల ముందు కూర్చున్నాడు. కోటిలింగం బటన్ నొక్కాడు. పెట్టె గుర్రుమంది. తెర నల్లగా వచ్చింది. మధ్యలో ఓ తెల్ల బాణం గుర్తు నిలబడింది. అంతే. పువ్వుల్లేవు, గుర్తుల్లేవు, పెళ్ళివారు అసలే లేరు.

"పువ్వులు వాడిపోయాయేమోనే!" అన్నాడు కోటిలింగం.

తాయారమ్మ గబగబా వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది గానీ, ఇంతలో వసారాలో ఫోన్ మోగింది. చెంబు అక్కడే పెట్టి అందరూ అటు పరిగెత్తారు. ఫోన్లో గవర్రాజు. "ఏమండీ, మీరు కనబడ్డం లేదేంటి?"

పానకాలు సంగతి చెప్పాడు. "అలాగా, కంగారుపడకండి. మా అమ్మాయి పనే అది. పిలుస్తాను, మీరందరూ ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది! "అన్నయ్యా, వదినా, లైన్లో ఉండాలట!" అని కేకేశాడు పానకాలు. వాళ్ళిద్దరూ వచ్చి అతని వెనకాల నిలబడ్డారు. పెద్దవాణ్ణి నేను ముందుండాలని కోటిలింగం, ఆడవాళ్ళ లైను వేరేగా ఉండాలని తాయారమ్మ. అందరూ అన్నాడు కదా, మరి అందరంటే అందరే కదా అని, పిండికోసం డబ్బాలు పట్టుకొచ్చిన వాళ్ళని కూడా లోపలికి పిలిచి వెనకాల నిలబెట్టారు. లైను వసారా దాటి వీధి గుమ్మం దాకా వెళ్ళింది. "ఏమిస్తున్నారు?" అని వెనకాల ఎవరో అడిగారు. "పెళ్ళికూతుర్ని" అన్నాడు కోటిలింగం. దాంతో దారిన పోయే బ్రహ్మచారి ఒకడు వచ్చి లైన్లో కలిశాడు.

ఫోన్లో గాజుల చప్పుడయింది. "నమస్కారమండీ, నేను నీలవేణిని. తెర మీద ఏం కనబడుతోంది?"

ఆ గొంతు వినగానే పానకాలుకి చెవి చల్లబడ్డట్టయింది. ఈమెకి మాత్రం తప్పు చెప్పకూడదు అనుకుని, గుమ్మానికున్న తెరని పట్టిపట్టి చూశాడు. "నెమళ్ళండీ."

"నెమళ్ళా?"

"అవునండీ. కింద కాస్త చిరుగు కూడా ఉంది. వదిన కుడతానంది."

"కంప్యూటర్ తెర మీదండీ."

"ఓ, అదా! నలుపండీ. ఓ బాణం."

"కదుల్తోందా?"

"లేదండీ, నిలువునా అలా ఉండిపోయింది."

"అయితే హ్యాంగ్ అయిందేమో."

హ్యాంగ్ అంటే ఉరి అని పానకాలుకి తెలుసు, తెలివైనవాడు కదా! "అన్నయ్యా! అది ఉరేసుకుందట!" అని అరిచాడు.

తాయారమ్మ నెత్తి బాదుకుంటూ, "అయ్యో! వచ్చి నిండా వారం కూడా కాలేదు, మన ఇంట్లో దానికేం తక్కువ చేశామే తల్లీ!" అని రాగం తీసింది. లైన్లో ఉన్నవాళ్ళు డబ్బాలు కింద పెట్టి పరామర్శకి వచ్చారు. కోటిలింగం ఒక్కడే నిబ్బరంగా నడింట్లోకి వెళ్ళి చూశాడు. నిజమే, పెట్టె వెనకాల వైరు బల్లకాలికి చుట్టుకుని బిగుసుకుని ఉంది. "కొనఊపిరుంది, పక్కకి జరగండి!" అని ఒక్క గుంజు గుంజాడు. వైరు ఊడొచ్చింది. బాణం కూడా పోయింది.

"ఇప్పుడు పూర్తిగా ఆరిపోయిందండీ" అన్నాడు పానకాలు కళ్ళొత్తుకుంటూ.

"ఫర్వాలేదు, ఏం కాదు. వైరు మళ్ళీ పెట్టి, అంతా మొదటినుంచి మొదలుపెట్టండి."

మొదటినుంచి అంటే? ముగ్గురూ తల కలిపి ఆలోచించారు. మొదట అది ఇంటికెలా వచ్చింది? ఆటోలో వచ్చింది. అంతే! కంప్యూటర్ని దుప్పట్లో చుట్టారు, వీధిలోకి మోసుకెళ్ళారు, ఆటో ఎక్కించారు. ఆటో వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. తాయారమ్మ హారతి పళ్ళెంతో ఎదురెళ్ళి గుమ్మంలో ఆపింది. "కుడికాలు ముందు పెట్టమనండి."

"దీనికి కాళ్ళేవే?"

"మొదటిసారి పెట్టలేదు, అందుకే ఇలా అయింది" అంది తాయారమ్మ. దాంతో కోటిలింగం దాని కింద తన కాలు పెట్టి, దాని తరఫున తనే గుమ్మం దాటాడు. పాపం నీలవేణి అంతసేపూ ఫోన్ పట్టుకునే ఉంది.

"వచ్చిందా అండీ?"

"ఇంటికొచ్చిందండీ. వైరు కూడా పెట్టాం, కానీ మళ్ళీ నల్లగానే ఉంది. బాణం కూడా వచ్చింది."

"అలాగైతే అసలు సంగతి తెలిసింది లెండి. మీకు డెస్క్‌టాప్ లోడవ్వడం లేదు."

పానకాలు ఆ మాట అలాగే లోపలికి చేరవేశాడు. కోటిలింగం బళ్ళో చదువుకున్నవాడు, డెస్కంటే తెలుసు. టాపంటే బస్సు టాపు, అంటే పైన. లోడంటే లారీ లోడు. "ఓసి దీని దుంపతెగ! బల్ల మీద లోడు లేదంటోందిరా! అంత పెద్ద బల్ల మీద ఇంత చిన్న పెట్టె పెడితే మరి దానికెలా సరిపోతుంది?"

ఇంకేముంది! బియ్యం బస్తా ఎక్కించారు. శెనగల బస్తా ఎక్కించారు. వాటిమీద, మర పట్టించడానికి ఎవరో ఇచ్చిపోయిన ఎండుమిరపకాయల బస్తా ఎక్కించారు. బల్ల కిర్రుమంది.

"ఇప్పుడేమైనా లోడయిందా అండీ?" అంది నీలవేణి.

"అవుతోందండీ."

"ఎంతవరకూ అయింది?"

"మిరపకాయల దాకా అయిందండీ."

ఆమె నోరు తెరిచేలోపే బల్ల ఓ పక్కకి ఒరిగింది. మిరపకాయల బస్తా కుట్లు తెగి నడింట్లో బోర్లా పడింది. కోటిలింగం దాన్ని ఎత్తబోయి దులిపాడు. తాయారమ్మ చీపురు తెచ్చి ఊడ్చింది. ఫ్యాను కింద మిరపపొట్టు ఊడిస్తే ఏమవుతుందో చెప్పాలా? కోటిలింగం తుమ్మాడు. తాయారమ్మ తుమ్మింది. పరామర్శకొచ్చిన వాళ్ళు తుమ్ముతూ వీధిలోకి పరిగెత్తారు. వీధి వీధంతా తుమ్మడం మొదలుపెట్టింది.

"ఏమైందండీ అక్కడ?" నీలవేణి గొంతు కంగారుగా పలికింది.

"లోడు... హాచ్! ఎక్కువైందండీ" అన్నాడు పానకాలు. అంతకంటే ఉన్నమాట ఇంకేం చెబుతాడు? కళ్ళు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది. ఈ సంబంధం కూడా పోయినట్టేనని లోపల్లోపల బెంగ పట్టుకుంది. "మీరు... విసుక్కుని ఫోన్ పెట్టెయ్యరు కదండీ?" అని మెల్లగా అడిగాడు.

"పెట్టెయ్యను లెండి. నేను చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, నాకు ఓపికెక్కువ. లోడు సంగతి వదిలెయ్యండి. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యగలరా?"

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఒక్కటే నాకు వచ్చండీ" అన్నాడు పానకాలు ధైర్యం తెచ్చుకుని.

"అయితే మూడు బటన్లు కలిపి ఒక్కసారి నొక్కండి. నొక్కగానే మేనేజర్ వస్తాడు. అతనొస్తే మన పని అయిపోయినట్టే."

పానకాలు చొక్కా వైపు చూసుకున్నాడు. పై బటన్లు మూడూ కలిపి, కళ్ళు మూసుకుని, గట్టిగా నొక్కాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి, "ఏంటయ్యా ఈ ఘాటు? మీ ఇల్లు తగలెయ్యా!" అంటూ రైసుమిల్లు మేనేజర్ సుందరరావు లోపలికొచ్చాడు. నున్నటి బట్టతల, చేతిలో గొడుగు, కళ్ళ నిండా కారం. దారి కనబడక గోడ పట్టుకుని తడుముకుంటున్నాడు.

పానకాలుకి ఒళ్ళు పులకరించింది. చదువంటే ఇదీ! పార్వతీపురంలో కూర్చుని చెబితే మల్లవరంలో మేనేజరొచ్చి నిలబడ్డాడు! "వచ్చాడండీ! మేనేజరొచ్చాడు!"

"హమ్మయ్య! ఇప్పుడు పైన ఎడమపక్క మూల ఉంటుంది చూడండి, అక్కడ ఒక్కసారి నొక్కండి."

పానకాలు సుందరరావుని పైనుంచి కిందికి చూశాడు. పైన ఎడమపక్క మూలంటే చెవే. నొక్కాడు.

"అబ్బా!" అన్నాడు సుందరరావు.

"నొక్కానండీ. అబ్బా అన్నాడు."

"ఏమన్నాడూ? సరే, స్పీకర్లు ఆన్ లో ఉన్నట్టున్నాయి. ఇప్పుడు అతనికి కొత్త పనివ్వాలి."

"మేనేజరుగారూ, మీకు కొత్త పని" అన్నాడు పానకాలు.

"ముందు నా కళ్ళ మంట తగ్గించండ్రా బాబూ!" అన్నాడు సుందరరావు.

"ఒప్పుకున్నాడండీ."

"ఇప్పుడు ఖాళీ చోటు కనబడుతుంది. అక్కడ ఎక్స్‌ప్లోరర్ అని రాయండి."

ఖాళీ చోటు వెతకాల్సిన పనే లేదు, నిగనిగలాడుతూ ఎదురుగానే ఉంది. "వదినా, కాటుక!" అని కేకేశాడు పానకాలు. తాయారమ్మ తుమ్ముకుంటూ కాటుక భరిణె తెచ్చి ఇచ్చింది. సుందరరావు, కారం దిగడానికేదో మందు రాస్తున్నారనుకుని, పాపం, బుద్ధిగా తల వంచాడు. పానకాలు ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే గుండ్రంగా రాశాడు.

"చోటు సరిపోలేదండీ. చివరి రెండక్షరాలు మెడ మీదికి దిగాయి."

"అంత పెద్దగా రాశారా? ఏం కాదులెండి. ఇప్పుడు ఎంటర్ కొట్టండి."

"కొట్టాలా అండీ?" అని మళ్ళీ అడిగాడు పానకాలు. సుందరరావు పెద్దమనిషి, ఊళ్ళో పరువున్నవాడు.

"కొట్టాలి. కొట్టకపోతే ఇంతసేపు చేసిందంతా వృథా."

"గట్టిగానా?"

"అబ్బే, ఒక్క దెబ్బ చాలు."

పానకాలు ఫోన్ కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "తప్పు మన్నించాలి మేనేజరుగారూ, అమ్మాయిగారు చెప్పారు" అని ఆ అక్షరాల మధ్యలో ఫెడీమని ఒక్కటిచ్చాడు.

అంతే! సుందరరావు "ఓరి నాయనో, నన్ను చంపేస్తున్నార్రోయ్!" అని గొడుగు పారేసి ఎగిరి గంతేశాడు. కళ్ళు కనబడక, వీధివైపు వెళ్ళాల్సినవాడు నడింట్లోకి పరిగెత్తాడు. మిరపకాయల మీద కాలు జారి, ఒరిగిన బల్ల మీద పడి, రెండు మోచేతులూ కంప్యూటర్ పెట్టె మీద దబేలుమనిపించాడు. ఆపైన లేచి, పెరటి గుమ్మంలోంచి ఎటో వెళ్ళిపోయాడు.

పానకాలు ఫోన్ తీసుకున్నాడు. "కొట్టానండీ. పారిపోయాడు."

"ఎవరండీ?"

"మేనేజరండీ. రైసుమిల్లు మేనేజర్ సుందరరావుగారు. తల మీద మీరు చెప్పిందే ఉంది, అలాగే వెళ్ళిపోయారు."

అవతల చప్పుడు లేదు. ఇప్పుడు పెట్టేస్తుంది, ఇంక పెట్టేస్తుంది అనుకున్నాడు పానకాలు. అప్పుడు వినబడింది నవ్వు. మొదట సన్నగా, తర్వాత ఆపుకోలేనట్టు, తర్వాత ఊపిరందనట్టు. అతని మాటకి జనం ముఖం చిట్లించడం ఎరుగును, లేచి వెళ్ళిపోవడం ఎరుగును. ఇలా ఒకరు నవ్వుతుంటే తనకీ సంతోషంగా ఉంటుందని మాత్రం అతనికి అప్పుడే తెలిసింది. ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు.

"ఒరేయ్, పువ్వులొచ్చాయిరా!" అని నడింట్లోంచి కోటిలింగం కేక.

మోచేతి దెబ్బ మహిమో ఏమో, పువ్వుల బొమ్మ నిండుగా విచ్చుకుని ఉంది, గుర్తులన్నీ బారులు తీరి ఉన్నాయి. బస్తాలు దించి, కోటిలింగం నీలం గుర్తు నొక్కాడు. పెళ్ళివారు ప్రత్యక్షమయ్యారు. గవర్రాజు, ఆయన తల్లి, ఇద్దరి మధ్యా పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతున్న నీలవేణి.

పానకాలు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. గవర్రాజు కళ్ళు చికిలించి, "బాబూ, సరిగ్గా ఆనడం లేదు, కాస్త మా దగ్గరికి రా నాయనా" అన్నాడు.

"వస్తున్నానండీ" అని పానకాలు చెప్పులేసుకుని, వసారా దాటి, వీధి దాటి, బస్టాండు వైపు పరుగందుకున్నాడు. "పార్వతీపురం బస్సు ఎన్నింటికి?" అని ఎదురైనవాళ్ళని అడుగుతూనే పోతున్నాడు. కోటిలింగం వెంటపడి, బస్సు మెట్టు మీదనుంచి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

ఇదంతా చూసి గవర్రాజు కూతురి వైపు దిగులుగా తిరిగాడు. "ఏమ్మా, మరి..."

"నాన్నా, పొద్దుట్నుంచీ మీరు నేను చెప్పిన మాట ఒక్కటైనా విన్నారా?" అంది నీలవేణి. "లేదు కదా! అతను నేను చెప్పిందల్లా చేశాడు. ఎందుకని అడగలేదు, నాకు తెలుసులే అనలేదు. మేనేజర్నే కొట్టాడు. ఇలాంటి మనిషి మళ్ళీ దొరుకుతాడా? నాకు నచ్చాడు."

తాయారమ్మ ఆనందం పట్టలేక కోటిలింగాన్ని కౌగిలించుకోబోయి, జనముందని గుర్తొచ్చి, శెనగల బస్తాని కౌగిలించుకుంది. పానకాలు ముఖమంతా కారం పూసుకుని ఎర్రగా ఉన్నా, దాని వెనకాల ఇంకో ఎరుపు వచ్చింది. "మీరు కూడా నాకు... కూర్చుని ఉన్నారండీ" అన్నాడు. నీలవేణికి అర్థమైంది. తల వంచుకుంది.

అంతవరకూ మాట్లాడకుండా కూర్చున్న పెద్దావిడ, గవర్రాజు తల్లి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని ముందుకి వంగింది. "అమ్మా తాయారూ, తల్లి లేని పిల్ల. నా చేతుల్లో పెరిగింది. ఇయాల్టినుంచి మీ ఇంటి పిల్లే. ఎండ కన్నెరగకుండా పెంచాం. దాన్ని కాస్త చల్లగా చూసుకోండమ్మా."

"అయ్యో, అంతగా చెప్పాలా పిన్నిగారూ! ఈ క్షణం నుంచే!" అంది తాయారమ్మ.

మాటంటే మాటే కదా! కోటిలింగం పెరట్లోకి పరిగెత్తి నిండు కడవెత్తుకొచ్చాడు. పానకాలు అందులో వట్టివేళ్ళ కట్ట పడేశాడు, మరీ చల్లగా ఉంటుందని. ముగ్గురూ మూడువైపులా చేతులేసి, "మెల్లగా, మెల్లగా, పిల్ల ఉలిక్కిపడుతుంది" అనుకుంటూ కడవెత్తి, నీలవేణి నెత్తి మీంచి కంప్యూటరంతా తడిసేలా గుమ్మరించారు.

చుర్రుమంది. చిటపటమంది. వెనకాలనుంచి సన్నగా పొగ లేచింది. తెర నల్లబడిపోయింది.

"చూశారా?" అంది తాయారమ్మ గుసగుసగా, పైటచెంగుతో తెర అద్దం ఒత్తుతూ. "ఎంత అలిసిపోయిందో పాపం, ఒంటికి చల్లబడేసరికి ఇట్టే కన్ను మూసింది."

"ష్! గట్టిగా మాట్లాడకు" అన్నాడు కోటిలింగం. పొగ పోవడానికి తలుపు ఓరగా తీసిపెట్టి, వెళ్ళి పిండిమర కూడా ఆపేశాడు.

పానకాలు తాటాకు విసనకర్ర తెచ్చుకుని, పక్కనే పీట వేసుకుని కూర్చుని, పిల్లకి నిద్ర చెడకుండా మెల్లమెల్లగా విసరడం మొదలుపెట్టాడు.